ఓడిన సిద్ధాంతాలు చూపిన దారులు

 

ఏటా సెప్టెంబరు మొదటి వారంలో కువైట్ పెద్దలు ఒక చుక్క కోసం ఎదురుచూస్తారు. తెల్లవారుజామున దక్షిణాన, దిగంతానికి బాగా దగ్గరగా అది కనిపిస్తుంది. పేరు సుహైల్. సుహైల్ పొడిచిందంటే ఎండల జోరు తగ్గినట్టేనని ఇక్కడి లెక్క. మన తెలుగువాళ్లం దాన్నే అగస్త్య నక్షత్రం అంటాం. అగస్త్యుడు ఉదయిస్తే వానలకు కలకబారిన నీళ్లు తేటపడతాయని మన పెద్దలు చెబుతూ వచ్చారు. కడపలో ఆ చుక్క దిగంతం మీద దాదాపు 23 డిగ్రీల ఎత్తుకు ఎక్కుతుంది. కువైట్‌లో 8 డిగ్రీలకే ఆగిపోతుంది. అంత తక్కువ ఎత్తులో ఉన్నదాన్ని కూడా గుర్తుపట్టి, దాన్నిబట్టి కాలం లెక్క వేసుకున్నారు ఇక్కడి జనం.

1964 నవంబరులో అమెరికా అంగారకుడి వైపు మారినర్-4 అనే నౌకను పంపింది. నౌక తన మొహం ఎటుందో తెలుసుకోవడానికి రెండు గుర్తులు పెట్టుకుంది. ఒకటి సూర్యుడు, రెండోది ఈ అగస్త్య నక్షత్రమే. అలా దిక్కు తెలుసుకోవడం వచ్చేసింది. మిగిలిన ప్రశ్న దీనికంటే కష్టమైంది. ఎటు వెళ్లాలి? వెళ్లి ఏం కొలవాలి? ఉన్న డబ్బు ముందు దేనిమీద పెట్టాలి? దీనికి జవాబు, విశ్వం ఎలాంటిదని మనం అనుకుంటున్నామో దాన్నిబట్టి మారుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అందరూ ఒప్పుకున్న సిద్ధాంతానికి ఎదురు నిలిచిన సిద్ధాంతం చివరికి ఓడిపోవచ్చు. చాలాసార్లు ఓడిపోయింది కూడా. కానీ దాని సంగతి తేల్చడానికి తయారుచేసిన పరికరాలు, ఆ పనిలో చేయి తిరిగిన మనుషులు మిగిలారు. అందుకని అంతరిక్షం మీద ఖర్చు పెట్టే ఏ దేశమైనా, పెద్దదైనా చిన్నదైనా, రెండు సిద్ధాంతాల మధ్య తీర్పు చెప్పగల కొలతకే మొదటి పీట వేయాలి.

దీనికి ఉదాహరణ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. హైదరాబాద్‌లోనే ఉంది.

2005 ఏప్రిల్ 20న హైదరాబాద్ ఈసీఐఎల్ దగ్గరున్న టాటా పరిశోధనా సంస్థవారి బెలూన్ కేంద్రం నుంచి ఒక పెద్ద బెలూన్ పైకి లేచింది. అందులో పట్టే వాయువు 2 కోట్ల 67 లక్షల ఘనపుటడుగులు. దాని కింద 459 కిలోల పరికరం వేలాడుతోంది. ఆ పరికరంలో 16 స్టీలు గొట్టాలు. లోపలి గాలి అంతా తోడేసి, ఒక్క క్రిమి కూడా మిగలకుండా శుద్ధి చేసి, మూతులు బిగించి పంపారు. గొట్టాల చుట్టూ 38 కిలోల ద్రవ నియాన్. నియాన్ ద్రవంగా ఉండాలంటే సున్నాకు దిగువన 246 డిగ్రీల చలి కావాలి. అంత చలిలో గొట్టం మూత తెరుచుకోగానే లోపలికొచ్చిన గాలి గోడలకు గడ్డకట్టుకుపోతుంది. కువైట్ ఉక్కపోతలో చన్నీళ్ల గ్లాసుకు చెమ్మ పడుతుంది చూడండి, అలాగన్నమాట. గడ్డకట్టిన కొద్దీ గొట్టంలో చోటు ఖాళీ అవుతుంది, ఇంకా గాలి లోపలికి వస్తుంది. పైన గాలి ఎంతో పల్చన కాబట్టి ఈ ఏర్పాటు లేకపోతే పరీక్షకు సరిపడా నమూనా దొరకదు. 20 కిలోమీటర్ల నుంచి 41 కిలోమీటర్ల దాకా వేర్వేరు ఎత్తుల్లో గాలిని పట్టుకుని గొట్టాలు పారాచూట్‌తో కిందికి దిగాయి.

నమూనాలను రెండుగా పంచారు. ఒక వాటా హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి, ఒక వాటా పుణేలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రానికి. ఒకచోట పొరపాటు జరిగితే రెండోచోట బయటపడాలని ఈ జాగ్రత్త. పరీక్షల్లో మొత్తం 12 బ్యాక్టీరియా సమూహాలు, 6 శిలీంధ్ర సమూహాలు పెరిగాయి. వాటిలో మూడు బ్యాక్టీరియాలు అంతవరకు ఎవరికీ తెలియని కొత్త జాతులు. అతినీలలోహిత కిరణాలను వాటి దగ్గరి చుట్టాల కంటే ఎక్కువగా తట్టుకున్నాయి. 2009 మార్చిలో ఇస్రో ఈ సంగతి ప్రకటించింది. ఒకదానికి ఇస్రో పేరు మీద బేసిల్లస్ ఇస్రోనెన్సిస్ అని, ఇంకోదానికి ఆర్యభట పేరు మీద బేసిల్లస్ ఆర్యభట అని పెట్టారు. మూడోదాని పేరు జానిబ్యాక్టర్ హోయ్లీ. ఫ్రెడ్ హోయిల్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త జ్ఞాపకార్థం పెట్టిన పేరది.

హైదరాబాద్ ఆకాశంలో దొరికిన సూక్ష్మజీవికి ఆయన పేరెందుకు?

1948లో హోయిల్, బాండీ, గోల్డ్ అనే ముగ్గురు ఒక మాటన్నారు. విశ్వానికి మొదలు లేదు, తుది లేదు. గెలాక్సీలు ఒకదానికొకటి దూరమవుతుంటే మధ్య ఖాళీలో కొత్త పదార్థం కొంచెం కొంచెంగా పుడుతూ ఉంటుంది, అందుకే విశ్వం ఎప్పుడు చూసినా ఒకేలా ఉంటుంది అన్నారు. ఇది గాలి మాటేమీ కాదు. అప్పటి కొలతల ప్రకారం విశ్వం వయసు 200 కోట్ల ఏళ్లకు లోపే తేలుతోంది. భూమి మీది రాళ్లు అంతకంటే పాతవి. లెక్క ఎక్కడో తేడా కొడుతోందని ఎవరికైనా అనిపిస్తుంది. మరుసటి ఏడు మార్చి 28న హోయిల్ బీబీసీ రేడియోలో ప్రసంగిస్తూ, విశ్వానికి మొదలుందనే ఎదుటి పక్షం సిద్ధాంతాన్ని ‘బిగ్ బ్యాంగ్’ అన్నాడు. ఆ పేరు లోకానికి తెలిసింది ఇలాంటి ఒక రేడియో ప్రసంగంలోనే.

హోయిల్ దగ్గర కేంబ్రిడ్జిలో చదువుకున్నవారే మన జయంత్ నార్లీకర్. 2025 మేలో పుణేలో కన్నుమూశారు. గురువు బాటలోనే చివరిదాకా నడిచి, బిగ్ బ్యాంగ్‌ను ప్రశ్నిస్తూనే ఉన్నారు. హోయిల్‌కు ఇంకో పెద్ద నమ్మకం ఉండేది. శ్రీలంకలో పుట్టిన చంద్ర విక్రమసింఘేతో కలిసి, జీవం భూమి మీదే పుట్టనక్కర్లేదు, తోకచుక్కల ధూళితో పైనుంచి ఇప్పటికీ రాలుతూ ఉండవచ్చని వాదించాడు. విశ్వానికి మొదలే లేదనుకున్నవాడికి, జీవం పుట్టడానికి కావలసినంత కాలం, కావలసినంత చోటు ఉన్నట్టే కదా. ఈ వాదాన్ని పరీక్షకు పెట్టడమే హైదరాబాద్ బెలూన్ పని. అలాంటి పరికరంతో 2001 జనవరిలోనే ఒకసారి ఎగిరారు. ఆ ఏడాది ఆగస్టులోనే హోయిల్ పోయాడు. 2005 ప్రయోగానికి నార్లీకర్ ప్రధాన పరిశోధకుడు. వెనక పెద్దదిక్కుగా ఇస్రో నుంచి యు.ఆర్. రావు, సీసీఎంబీని నిలబెట్టిన పుష్ప మిత్ర భార్గవ ఉన్నారు. సీసీఎంబీ శాస్త్రవేత్త శివాజీ హైదరాబాద్ పరీక్షలు చూసుకున్నారు.

మరి వాదం నెగ్గిందా? నెగ్గలేదు. ఈ సూక్ష్మజీవులు బయటినుంచే వచ్చాయని ఈ ఫలితాలతో తేల్చలేమని ఇస్రో తన ప్రకటనలోనే చెప్పింది. దొరికినవాటిలో చాలా భాగం భూమి మీది జాతులకు అతి దగ్గరవి. కిందినుంచి దుమ్ముతోపాటు పైకి వెళ్లి ఉండవచ్చు. 2022 జనవరి 15న టోంగా దీవుల దగ్గర సముద్రంలో అగ్నిపర్వతం పేలినప్పుడు దాని పొగ 57 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లింది. మన బెలూన్ చేరిన ఎత్తు కంటే అది 16 కిలోమీటర్లు ఎక్కువ. కాబట్టి నేనైతే, అవి భూమి నుంచే పైకి వెళ్లాయనే అనుకుంటాను.

అయినా ఈ ప్రయోగాన్ని నేను గొప్పదంటాను. పైన ఏమీ బతకదని అందరూ అనుకునే చోట ఎవరో ఒకరు వెళ్లి చూడాలి. ఎదురు సిద్ధాంతం లేకపోతే 41 కిలోమీటర్ల ఎత్తున క్రిముల కోసం వెతకాలని ఎవరికి తోస్తుంది? ఆ తర్వాత జపాన్ వాళ్లు ఈ ప్రశ్ననే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి తీసుకెళ్లారు. టంపోపో అనే ఆ ప్రయోగంలో డైనోకాకస్ అనే బ్యాక్టీరియాను మూడేళ్లు కేంద్రం బయట ఉంచారు. అర మిల్లీమీటరు కంటే మందంగా ముద్దకట్టిన సమూహాల్లో లోపలివి బతికే ఉన్నాయని 2020లో ప్రకటించారు. 2023 సెప్టెంబరులో బెన్ను అనే గ్రహశకలం మట్టి భూమికి చేరింది. మన ప్రోటీన్లలో వాడే 20 అమైనో ఆమ్లాల్లో 14 ఆ మట్టిలో ఉన్నాయని 2025 జనవరిలో తేల్చారు. జీవం పైనుంచి రాలిందని దీని అర్థం కాదు. జీవానికి కావలసిన సరుకు పైన ఉందని మాత్రం తెలిసింది. గ్రహశకలాల మట్టి తెచ్చే యాత్రలకు విలువ పెరిగింది.

ఇక్కడ ఒక చిన్న మాట. హైదరాబాద్ నుంచి బెలూన్లు ఎగిరే కాలంలో పత్రికల్లో ప్రకటన వస్తుంది: పొలంలో పరికరం పడితే ముట్టుకోవద్దు, పోలీసులకు చెప్పండి, బహుమానం ఇస్తాం అని. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలో అలా దిగిన ఒక పెద్ద గోళాన్ని చూసి వేరే లోకం నౌక అనుకుని జనం గుమికూడారు. మన ఊళ్లలో ఉన్న మీ వాళ్లకు ఫోన్ చేసినప్పుడు ఈ ప్రకటన సంగతి చెప్పండి. ఎన్నో నెలల కష్టం ఆ పెట్టెలో ఉంటుంది.

ఇక హోయిల్ అసలు సిద్ధాంతం సంగతి. మొదలు లేని విశ్వంలో మూలకాలన్నీ ఎక్కడో ఒకచోట తయారవుతూ ఉండాలి. బిగ్ బ్యాంగ్ వేడిలో తయారయ్యాయని చెప్పి తప్పించుకోవడానికి హోయిల్‌కు వీల్లేదు. అందుకని నక్షత్రాల కడుపులోనే అవి పుడతాయని పట్టుబట్టాడు. కార్బన్ కేంద్రకానికి ఫలానా శక్తి స్థాయి ఉండి తీరాలని ముందే చెప్పాడు. 1953లో కాల్‌టెక్‌లో కొలిచి చూస్తే ఉంది. 1957లో మరో ముగ్గురితో కలిసి రాసిన పత్రం మన నెత్తుటిలోని ఇనుము ఎక్కడ పుట్టిందో చెప్పింది. విశ్వం గురించి ఆయన చెప్పింది నిలబడలేదు, మూలకాల గురించి చెప్పింది ఈరోజు పాఠ్యపుస్తకం.

ఓడించడం కూడా అంత తేలిగ్గా జరగలేదు. 1965లో, ఆ తొలి వేడికి ఆనవాలుగా విశ్వమంతా నిండి ఉన్న మైక్రోవేవ్ వికిరణం సంగతి బయటపడ్డాక చాలామంది బిగ్ బ్యాంగ్ వైపు వచ్చేశారు. కానీ జపాన్, అమెరికా శాస్త్రవేత్తలు 1988లో ప్రకటించిన, రాకెట్‌తో చేసిన కొలతలో ఆ వికిరణం సిద్ధాంతం చెప్పినట్టు లేదు, ఎక్కువగా ఉంది. మళ్లీ అనుమానం. 1989 నవంబరు 18న నాసా కోబ్ ఉపగ్రహాన్ని పంపింది. రెండు నెలలు తిరక్కముందే జాన్ మాథర్ ఒక సభలో ఆ ఉపగ్రహం కొద్ది నిమిషాల్లో కొలిచిన గీతను తెరమీద చూపించారు. సిద్ధాంతం గీసిన గీత మీద కొలత చుక్కలు అచ్చుగుద్దినట్టు కూర్చున్నాయి. సభ మొత్తం లేచి చప్పట్లు కొట్టింది. ఎదురుగా ఇంకో పక్షం, దానికి తోడు ఒక అనుమానపు కొలత లేకపోతే ఆ చప్పట్లకు అంత అర్థం ఉండేది కాదు. 2006లో మాథర్, ఆయనతో కోబ్ మీద పనిచేసిన స్మూట్‌లకు నోబెల్ వచ్చింది.

ఇప్పుడు చంద్రుడి దగ్గరికి వద్దాం. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దక్షిణ ధ్రువానికి దగ్గరగా దిగినప్పుడు ఇక్కడి మనవాళ్లు కూడా పండగ చేసుకున్నారు. శ్రీహరికోట నుంచి ఎగిరింది కాబట్టి మన నేలదే అన్న మమకారం మనకు ఇంకొంచెం ఎక్కువ. అందరి చూపూ ఆ ధ్రువం మీదే. అక్కడ నీటి మంచు ఉంది. మనిషి వెళ్లి ఉండాలంటే నీళ్లు కావాలి. ఈ లెక్కలో తప్పేమీ లేదు. కానీ విశ్వం పుట్టుక గురించి అడిగేవారికి కావలసిన చోటు వేరే ఉంది. చంద్రుడి అవతలి వైపు.

ఎందుకంటే తొలి నక్షత్రాలు వెలిగిన కాలం నాటి హైడ్రోజన్ సంకేతం మనదాకా వచ్చేసరికి సాగిపోయి 100 మెగాహెర్ట్జ్‌కు అటూ ఇటూగా వినిపించాలి. మన ఎఫ్ఎం స్టేషన్లు ఉండేది 88 నుంచి 108 దాకా. అంటే మన పాటల మధ్యలోంచి ఆ సన్నటి చప్పుడును ఏరుకోవాలి. 2018లో ఆస్ట్రేలియా ఎడారిలో ఎడ్జెస్ అనే పరికరంతో కొలిచినవారు 78 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక లోతైన పల్లం కనబడిందన్నారు. ఉండవలసిన దానికంటే రెట్టింపు లోతు. అది నిజమైతే కృష్ణ పదార్థం గురించి మనకు తెలిసిందంతా తిరగరాయాలి. పుంఖానుపుంఖాలుగా కొత్త సిద్ధాంతాలు వచ్చాయి.

వాటికి ఎదురు నిలిచింది బెంగళూరు రామన్ పరిశోధనా సంస్థ. నేల మీద పెట్టిన యాంటెనాకు అడుగున ఉన్న మట్టి, రాయి సంకేతాన్ని పాడుచేస్తాయని, వీళ్లు యాంటెనాను తెప్ప మీద ఎక్కించి నీళ్లలో వదిలారు. 2020లో కర్ణాటకలోని దండిగానహళ్లి చెరువులో, శరావతి వెనకనీళ్లలో తేలిన సారస్-3 అనే ఆ పరికరానికి అలాంటి పల్లం కనబడలేదు. 2022లో ఆ మాట ప్రకటించారు. చెరువులో తెప్ప వేసి ప్రపంచ స్థాయి వాదాన్ని పరీక్షించారంటే నాకు ఎంత గర్వంగా ఉంటుందో చెప్పలేను. ఆ సంస్థే ప్రతుష్ అనే పరికరాన్ని చంద్రుడి కక్ష్యకు పంపాలని ప్రతిపాదించింది. చంద్రుడి వెనక్కి వెళ్తే భూమి రేడియో గోల వినబడదు. చైనా 2019 జనవరి 3న అవతలి వైపు దిగింది. రేపు అక్కడ కూడా గనులు, టవర్లు, ఉపగ్రహాలు నిండకముందే ఆ నిశ్శబ్దంలో కొలవవలసింది కొలుచుకోవాలి. ధ్రువం మంచు పదేళ్లయినా అక్కడే ఉంటుంది. నిశ్శబ్దం ఉండదు. నన్నడిగితే ప్రతుష్ లాంటిదానికి ముందు వరసలో చోటివ్వాలి.

కృష్ణ శక్తి గురించి కూడా ఒక్క ముక్క. విశ్వ విస్తరణ వేగాన్ని పెంచుతున్న ఆ శక్తి ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుందని ఇన్నాళ్లూ లెక్క. 2025 మార్చిలో అమెరికాలోని డెసి అనే సర్వే కోటికి పైగా గెలాక్సీల కొలతలు ముందు పెట్టి, అది కాలంతోపాటు బలహీనపడుతుండవచ్చని సూచించింది. రుజువు అనడానికి శాస్త్రవేత్తలు పెట్టుకున్న గీటు ఇంకా దాటలేదు. 2023 జులైలో ఎగిరిన యూరప్ వారి యూక్లిడ్ టెలిస్కోప్ ఈ వివాదాన్ని తేల్చే పనిలో ఉంది.

మరి కువైట్ ఏం చేయాలి? ఈ దేశానికి ఆకాశంతో పాత చుట్టరికం ఉంది. ముత్యాల పడవల వాళ్లకు చుక్కలే దారి. 2022 ఫిబ్రవరిలో నూటొక్క ఏళ్ల వయసులో కన్నుమూసిన ఖగోళ శాస్త్రవేత్త సాలిహ్ అల్ ఉజైరి గారి క్యాలెండర్ చూసే ఇక్కడ నమాజు వేళలు లెక్కపెట్టుకుంటారు. సైన్స్ క్లబ్‌లోని వేధశాలకు ఆయన పేరే ఉంది. 2023 జనవరి 3న కువైట్ విశ్వవిద్యాలయం పిల్లలు పనిచేసిన కువైట్‌శాట్-1 కక్ష్యకు చేరింది. చేతిలో పట్టేంత ఉపగ్రహం. పక్కనున్న ఎమిరేట్స్ పంపిన నౌక 2021లో అంగారకుణ్ని చేరింది కదా, మనమూ పంపాలి అన్న పోటీ సహజమే. కానీ నా మనసులో ఇంకో ఆలోచన ఉంది.

కువైట్‌కు దుమ్ము కొదవలేదు. 2022 మేలో దుమ్ము తుఫానుకు విమానాశ్రయమే కాసేపు ఆగిపోయింది. ఆ దుమ్ముతో సూక్ష్మజీవులూ లేస్తాయి. అవి ఎంత ఎత్తుకు వెళ్తాయి? ఎంతసేపు బతుకుతాయి? హైదరాబాద్ బెలూన్‌కు దొరికినవి పైనుంచి రాలాయా, కిందినుంచి లేచాయా అన్న ప్రశ్నలో సగం జవాబు ఇలాంటి ఎడారి మీద బెలూన్ ఎగరేస్తే దొరుకుతుంది. కువైట్ విశ్వవిద్యాలయం, హైదరాబాద్ బెలూన్ కేంద్రం, సీసీఎంబీ కలిస్తే చేయగల పని. పెద్ద రాకెట్ అక్కర్లేదు. తుఫాను ముందూ తర్వాతా వరసగా కొన్నేళ్లు కొలిచే ఓపిక కావాలి. ఈ ప్రసంగం వింటున్న ఇంజనీర్లు, ల్యాబ్ టెక్నీషియన్లు, అధ్యాపకులు దీని గురించి మీ సంస్థల్లో మాట్లాడండి.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఫోన్లలో ‘బిగ్ బ్యాంగ్ అబద్ధం’ అంటూ వీడియోలు తిరుగుతుంటాయి. పిల్లలు చూపిస్తే కసరకండి, నమ్మేయకండి. ఏ కొలత వస్తే మీ మాట తప్పని ఒప్పుకుంటారు అని ఆ వీడియో చేసినవాణ్ని అడగమనండి. హోయిల్ దగ్గర ఆ ప్రశ్నకు జవాబు ఉండేది. జవాబు లేనివాళ్లకు మీ సమయం ఇవ్వకండి. షేక్ అబ్దుల్లా అల్ సాలెం సాంస్కృతిక కేంద్రంలో అంతరిక్ష మ్యూజియం ఉంది, ఒక శుక్రవారం తీసుకెళ్లండి. చలికాలం గుడారాల రోజుల్లో సల్మీ వైపు ఎడారికి వెళ్తే ఊరి దీపాలు అడ్డురాని ఆకాశం దొరుకుతుంది, టీవీ పెట్టకుండా కాసేపు పైకి చూడనివ్వండి. ఇంటర్ చదువుతున్న పిల్లకో పిల్లాడికో భౌతికశాస్త్రం మీద మనసుంటే, ఇంజనీరింగు కాకపోతే మెడిసిన్ అని తేల్చేయకండి. నార్లీకర్ స్థాపించిన ఖగోళ పరిశోధన కేంద్రం అయూకా పుణేలో ఉంది, తిరువనంతపురంలో ఇస్రో వారి అంతరిక్ష విద్యాసంస్థ ఉంది, హైదరాబాద్‌లోనే టాటా సంస్థ ఉంది. వాటి ప్రవేశ పరీక్షల వివరాలు ఈ వారమే కనుక్కోండి.